లాయరు మాట వీధిన పెట్టడానికి ఎనిమిది చిట్కాలు

అమెరికాలో మీ కంపెనీ మీద పేటెంట్ ఉల్లంఘన దావా పడింది. తొందరపడి ఓడిపోదామనుకోకండి, అదంత సులువు కాదు. పేటెంటే చెల్లదని వాదించవచ్చు. మన సరుకు ఆ పేటెంట్ క్లెయిముల్లోకి, అంటే అది గీసుకున్న హక్కుల హద్దుల్లోకి, రాదని వాదించవచ్చు. పైగా మీరూ మీ లాయరూ మాట్లాడుకున్నదేమిటో ఎదుటివాడు అడగడానికి వీల్లేదు. దీన్నే అటార్నీ-క్లయింట్ ప్రివిలేజి అంటారు. కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లు వట్టి ప్రివిలేజి అనేస్తారు. ఈ రక్షణ కంపెనీ పెద్దలకే కాదు, లాయరు అడిగితే వివరం చెప్పిన కింది ఉద్యోగి మాటలకూ ఉంటుందని 1981లో అప్‌జాన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. జరిగిన సంగతులకు మాత్రం ఈ రక్షణ లేదు. వాటి గురించి లాయరుతో అనుకున్న మాటలకే ఉంది.

అయితే ఆశ వదులుకోనక్కర్లేదు. ఉల్లంఘన తెలిసీ కావాలనే చేశారని తేలితే నష్టపరిహారాన్ని మూడు రెట్ల దాకా పెంచే అధికారం పేటెంట్ చట్టం 284వ సెక్షను జడ్జికి ఇచ్చింది. 'కావాలనే' అన్నది మనసులో మాట. మనసులో మాటకు మీరు మీ లాయరుకు రాసిన మెయిలుకు మించిన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి ఆ మెయిలు బయటికి రావాలి. అందుకు ఎదుటివాడు గూఢచారులను పెట్టుకోనక్కర్లేదు, మనవాళ్లు చాలు. పెద్ద పెద్ద కంపెనీలు నడిచిన దారే ఇది. వరసగా పాటించండి.

1. ఒపీనియన్‌లో తీపి ముక్క మాత్రమే చూపించండి

మీ దగ్గర ఇద్దరు లాయర్ల అభిప్రాయాలు ఉన్నాయి. ఒకరు 'ఫర్వాలేదు, కానివ్వండి' అన్నారు. రెండోవారు 'మూడో క్లెయిము దగ్గర కాస్త ఇబ్బందిగా ఉంది' అన్నారు. మొదటి ఉత్తరాన్ని జ్యూరీ ముందు పెట్టి 'లాయరు సరేనంటేనే చేశాం' అనండి. రెండోదాని ఊసెత్తితే 'అది ప్రివిలేజి' అని గంభీరంగా ముఖం పెట్టండి. ఈసీలో మొదటి పేజీ చూపించి, బ్యాంకు తనఖా ఉన్న రెండో పేజీ జేబులో పెట్టుకుని ప్లాటు అమ్మినట్టు.

ఈ పద్ధతిని ఎకోస్టార్ కంపెనీ పరీక్షించి చూసింది. టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకునే పెట్టెల విషయంలో టీవో కంపెనీ దాని మీద 2004లో టెక్సాస్ తూర్పు జిల్లా కోర్టులో దావా వేసింది. మా కంపెనీ లాయరు ముందే చూశాడు, ఉల్లంఘన లేదన్నాడు, ఆ మాట నమ్మే ముందుకెళ్లాం అని ఎకోస్టార్ చెప్పుకుంది. దావా పడ్డాక బయటి లా ఫర్మ్‌కు కూడా చూపించింది గానీ, ఆ ఫర్మ్ ఏమందో మాత్రం చెప్పదలచుకోలేదు. 2006 మేలో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఈ ముచ్చట తీర్చింది. జీతం తీసుకునే లాయరు చెప్పినా అది లాయరు సలహాయే. ఒక సలహాను వాదనకు వాడుకుంటే అదే విషయం మీద ఎవరు చెప్పిందైనా బయట పెట్టాల్సిందే. లాయరు తన దగ్గరే ఉంచుకుని, క్లయింటు చెవిన వేయని సొంత ఆలోచనల కాగితాలు మాత్రం మిగిలాయి. టీవోకు సుమారు 7.4 కోట్ల డాలర్లు ఇవ్వాలని అదే ఏడాది జ్యూరీ చెప్పింది. 2011లో రాజీ కుదిరేసరికి లెక్క 50 కోట్ల డాలర్లకు చేరింది. ఆ సొమ్మంతా ఒక్క ఉత్తరం ఖాతాలో రాయడం అన్యాయం. సగం చూపించి సగం దాచే ఆట ఎక్కడ ముగుస్తుందో అందరికీ చూపించిన పుణ్యం మాత్రం ఎకోస్టార్‌దే.

2. చట్టాన్ని 1983 దగ్గరే ఆపేయండి

ఎదుటివాడు అడగకముందే, దావా పడ్డ వారంలోనే ఒపీనియన్ తీసి బల్ల మీద పెట్టండి. ఎందుకని ఎవరైనా అడిగితే 'చూపించకపోతే తప్పు చేశామనుకుంటారు' అనండి. ఈ మాటకు ఒకప్పుడు బలం ఉండేది. 1983లో అండర్‌వాటర్ డివైసెస్ కేసులో, ఎదుటివాడి పేటెంట్ సంగతి తెలిశాక లాయరు సలహా తీసుకోవడం మన విధి అని ఫెడరల్ సర్క్యూట్ చెప్పింది. ఆ కేసులో కంపెనీ లాయరు ఇచ్చిన సలహా చదవదగ్గది. కోర్టుల్లోకి వచ్చిన పేటెంట్లలో 80 శాతం దాకా చెల్లకుండా పోతున్నాయి కనుక మనకేం భయం లేదన్నది దాని సారం. ఆయన పేటెంట్ లాయరు కాదు. ఆ పేటెంట్ ఫైలు తెప్పించి చూసిందీ లేదు. సగటు లెక్క చూసి ధైర్యం చెప్పేశారు. మీరూ అలాంటి సలహానే తీసుకుని భద్రంగా దాచుకోండి, తరవాత చూపించడానికి బాగుంటుంది.

ఆ తరవాత జరిగినవి మాత్రం చదవకండి. ఒపీనియన్ తీసుకోకపోయినా, తీసుకుని చూపించకపోయినా దాన్నిబట్టి చెడుగా ఊహించకూడదని 2004లో నార్-బ్రెమ్సె కేసులో అదే కోర్టు జడ్జీలందరూ కూర్చుని తేల్చారు. 2011 చట్టంతో 298వ సెక్షను వచ్చింది. ఒపీనియన్ తేలేదనో, జ్యూరీకి చూపలేదనో చెప్పి, ఉల్లంఘన కావాలనే చేశారని నిరూపించబోవడాన్ని అది ఆపేసింది. అంటే నోరు మూసుకు కూర్చునే హక్కు చట్టమే ఇచ్చింది. ఉత్తర కాలిఫోర్నియా జిల్లా కోర్టు పేటెంట్ నియమాలైతే, క్లెయిముల అర్థమేమిటో కోర్టు తేల్చేదాకా ఒపీనియన్ వాడుకుంటారో లేదో చెప్పనక్కర్లేదని గడువు కూడా ఇస్తాయి. ఇంత వెసులుబాటు మీకెందుకు? వారంలోనే ఇచ్చేయండి.

3. సలహా ఇచ్చిన లాయరుకే వకాల్తా ఇవ్వండి

రెండు లా ఫర్ములంటే రెండు బిల్లులు. ఒపీనియన్ రాసినవారే కోర్టులోనూ వాదిస్తే ఖర్చు కలిసొస్తుంది కదా అని మీ ఫైనాన్స్ అధికారి అంటాడు. వెంటనే ఒప్పుకోండి.

సీగేట్ కంపెనీ అలా చేయలేదు. కన్వాల్వ్ కంపెనీ, ఎంఐటీ కలిసి 2000లో దాని మీద దావా వేసినప్పుడు ఒపీనియన్‌కు ఒక లాయరును, వాదనకు వేరే లాయర్లను పెట్టుకుని, వీరికీ వారికీ సంబంధం లేకుండా నడిపింది. తరవాత ఆ ఒపీనియన్లను వాడుకోదలిస్తే, వాదించే లాయర్లతో జరిపిన మాటలూ ఇవ్వమని ఎదుటి పక్షం పట్టుబట్టింది. కింది కోర్టు సరేనంది. 2007లో ఫెడరల్ సర్క్యూట్ పూర్తి బెంచి కాదంది. ఒపీనియన్ ఇచ్చిన లాయరు మాటలు బయటపెట్టినంత మాత్రాన, మోసపు ఎత్తులు లేనంతవరకు, వాదించే లాయరు మాటల దాకా అది పాకదన్నది ఆ తీర్పు. మధ్యలో గోడ ఉంది కాబట్టి సీగేట్ బతికిపోయింది. మీరు గోడ కట్టకండి. ఒకే లాయరు ఒపీనియన్ రాసి, తనే వాదిస్తే, ఎక్కడ సలహా ఆగి ఎక్కడ వ్యూహం మొదలైందో తేల్చుకోలేక జడ్జి తల పట్టుకుంటారు. అనుమానం వచ్చిన కాగితాలు ఏ గట్టున పడతాయో మీరే చూద్దురుగాని.

ఇంకో సంగతి. ఒపీనియన్‌ను దావా పడ్డాకే తెప్పించుకోండి. చేసేటప్పుడు మీకేం తెలుసన్నదే ముఖ్యమని 2016లో హేలో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన ఆలస్యంగా వచ్చిన ఒపీనియన్ అంతకుముందు చేసినదానికి ఎందుకూ కొరగాదు. దాన్ని చూపించి ప్రివిలేజి పోగొట్టుకుంటే లాభం లేని త్యాగం చేసిన తృప్తి దక్కుతుంది.

4. పైన 'ప్రివిలేజ్డ్' అని రాసి, లోపల మనసు విప్పండి

మెయిలు తలకట్టులో 'ప్రివిలేజ్డ్ అండ్ కాన్ఫిడెన్షియల్' అని పెద్దక్షరాలతో కొట్టి, సీసీలో ఒక లాయరు పేరు పడేస్తే అదే మంత్రం. ఇక లోపల లైసెన్సుకు ఎంత ఇద్దాం, పోటీవాడి చిప్ ఎలా ఉంది, వచ్చే వారం పికప్‌కు ఎవరొస్తారు, ఏదైనా రాయవచ్చు. చాలా టీముల్లో జరిగేది ఇదే. మెయిలు లాయరు సలహా కోసం రాశారా, వ్యాపారం కోసమా అన్నదే కోర్టు చూస్తుంది. చిరునామా పట్టీలో ఎవరున్నారన్నది దాని తరవాతి సంగతి.

గూగుల్ ఇంజినీరొకరు 2010 ఆగస్టులో ఒక మెయిలు రాశారు. ఆండ్రాయిడ్‌లో జావా వాడుతున్నారని ఓరకిల్ అప్పటికే కత్తి నూరుతోంది. జావాకు బదులు ఏమున్నాయో చూడమన్నారు, చూశాం, ఏదీ బాగోలేదు, జావాకు లైసెన్సు మాట్లాడుకోక తప్పదు అన్నది అందులోని భావం. పంపినప్పుడు దాని నెత్తిన 'అటార్నీ వర్క్ ప్రోడక్ట్' అని ఉంది, అందుకున్నవారిలో కంపెనీ లాయరూ ఉన్నారు. అంతా బాగానే ఉంది. కానీ టైపు చేస్తున్నంతసేపూ సిస్టమ్ తనంతట తాను డ్రాఫ్టులు దాచిపెట్టింది. చిరునామా నింపకముందు, ఆ తలకట్టు పెట్టకముందు దాచిన డ్రాఫ్టులవి. లాయరు పేరు కోసం వెతికే జల్లెడకు అవి దొరకలేదు, ఓరకిల్‌కు వెళ్లిపోయాయి. వెనక్కి ఇమ్మని గూగుల్ నెలల తరబడి పోరాడింది. ఈ కాగితం దగ్గర మీరు ఓడిపోయే పక్షాన ఉంటారని జడ్జి విలియం ఆల్సప్ విచారణలోనే ముఖం మీద చెప్పారు. 2012 ఫిబ్రవరిలో ఫెడరల్ సర్క్యూట్ కూడా ఆయన మాటే నిలబెట్టింది. మెయిలు ఆండ్రాయిడ్ అధిపతి ఆండీ రూబిన్‌ను ఉద్దేశించి బేరం గురించి రాసినట్టుంది గానీ, లాయరు అడిగినదానికి జవాబులా లేదన్నారు. ఆ మేలో జ్యూరీ గూగుల్ ఓరకిల్ పేటెంట్లను ఉల్లంఘించలేదనే చెప్పింది. నెగ్గిన దావాలో కూడా ఒక మెయిలు ఇంత రచ్చ చేయగలదంటే, ఓడేదాంట్లో ఎంత సాయపడుతుందో ఊహించుకోండి.

5. నలుగురితో పంచుకోండి

ఇంటి గుట్టు లంకకు చేటు అన్నది పాతమాట. ఇప్పుడు గుట్టు దాచడం అహంకారం కింద లెక్క. లాయరు పంపిన పీడీఎఫ్‌ను చిప్ అమ్మే కంపెనీకి పంపండి, వాళ్లకూ తెలియాలి. పెట్టుబడి పెట్టేవాడు 'మీ మీద పేటెంట్ గొడవేమైనా ఉందా' అంటే మాటలతో ఎందుకు, అసలు ఒపీనియనే ఇచ్చేయండి. ప్లేనోలో ఉన్న బావగారికి పంపండి, ఆయనకూ రెండు పేటెంట్లున్నాయి. కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టి 'మా లాయరు సూపర్' అనండి. ఇంగ్లిష్ కష్టంగా ఉంటే ఏదో ఒక ఉచిత చాట్‌బాట్‌లో పడేసి సారాంశం అడగండి.

కంపెనీ కొనబోయేవాడికి ఒపీనియన్ చూపిస్తే ప్రివిలేజి పోతుందా అన్నదానికి ఉత్తర కాలిఫోర్నియా జిల్లా కోర్టులోనే రెండు జవాబులున్నాయి. 1987లో హ్యూలెట్-ప్యాకర్డ్ మీద బాష్ అండ్ లాంబ్ పోరాడిన కేసులో పోదన్నారు, ఇద్దరికీ చట్టపరమైన ఉమ్మడి ప్రయోజనం ఉందన్నారు. 2007లో నీడెక్ కేసులో జేవీసీ అదే దారిన వెళితే పోయిందన్నారు, అది వట్టి వ్యాపార ప్రయోజనమన్నారు. ఉమ్మడి ప్రయోజనం ఒప్పందం ముందే కాగితం మీద రాసుకుని, లాయర్ల మధ్యే కాగితాలు నడిపితే పరిస్థితి కాస్త నయం. అందుకే ముందు పంపేసి, ఒప్పందం సంగతి దావా పడ్డాక చూద్దాం అనండి.

స్నేహితులతో చాటింగును కూడా చిన్నచూపు చూడకండి. పేటెంట్ కాదు గానీ కాపీరైట్ తగాదాలో యూనివర్సల్ మ్యూజిక్ మీద దావా వేసిన ఒక తల్లి, తన లాయర్లు ఎందుకు ఉత్సాహంగా ఉన్నారో మెయిళ్లలో, చాట్లలో ముచ్చటించారు. ఆ ముచ్చట్లలో వచ్చిన విషయాల వరకు ప్రివిలేజి పోయిందని 2010లో అదే కోర్టు తేల్చింది.

6. మాదాపూర్‌లో చౌకగా ఒపీనియన్ రాయించుకోండి

అమెరికా లాయరు గంటకు అడిగే డబ్బుతో హైదరాబాద్‌లో ఉత్తరమే వచ్చేస్తుందని తెలిసిన రోజున మీ మేనేజరు కళ్లు మెరుస్తాయి. పేటెంట్ ఏజెంటును పట్టుకుని 'మనం ఉల్లంఘిస్తున్నామా లేదా, ఒక్క మాట రాసివ్వండి సార్' అనండి. ఆ సార్ పేటెంట్ దరఖాస్తులు అద్భుతంగా రాస్తారు. అందులో సందేహం లేదు.

2016లో కెనడాకు చెందిన క్వీన్స్ యూనివర్సిటీ, శామ్‌సంగ్ తగాదాలో పేటెంట్ ఏజెంట్లకూ ప్రివిలేజి ఉందని ఫెడరల్ సర్క్యూట్ ఒప్పుకుంది. ఈ ఒక్క వాక్యం చదివి ఆపేయండి. అమెరికా పేటెంట్ ఆఫీసు ముందు దరఖాస్తు నడపడానికి అవసరమైన పనికే ఆ రక్షణ అని, ఉల్లంఘన మీదో, దావాకు ముందు వేరేవాడి పేటెంట్ చెల్లుబాటు మీదో ఇచ్చే అభిప్రాయానికి కాదని తరవాతి వాక్యాల్లో ఉంది.

ఇక మన దేశంలో కంపెనీ జీతం మీదున్న లాయరుకు అడ్వకేటుకున్నట్టే రక్షణ ఉందనుకుని హాయిగా ఉండండి. జీతం తీసుకుంటూ అడ్వకేటుగా ప్రాక్టీసు చేయకూడదన్నది బార్ కౌన్సిల్ నియమం. ఇన్-హౌస్ లాయర్లకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షను రక్షణ వర్తించదని 2025 అక్టోబరులో మన సుప్రీంకోర్టు చెప్పింది, 134వ సెక్షను కింద కొంత పరిమిత రక్షణ మిగిల్చింది. గచ్చిబౌలి ఆఫీసులోని లీగల్ టీమ్ మెయిలు అమెరికా కోర్టులో ఏ దేశపు చట్టానికి తూగుతుందో తేల్చడానికి లాయర్లు మళ్లీ గంటల లెక్కన బిల్లు వేస్తారు. చౌక బేరం అక్కడ సరితూగుతుంది.

7. డిపొజిషన్‌లో మర్యాదగా సాయపడండి

మనవాళ్లకు అడిగితే చెప్పకుండా ఉండటం మర్యాద కాదు. దావాలో అదే వరం. డిపొజిషన్ అంటే కోర్టు విచారణకు ముందే ప్రమాణం చేయించి తీసుకునే సాక్ష్యం. గదిలో పొడవాటి బల్ల, ఒక చివర వీడియో కెమెరా, టైపు చేసే రిపోర్టరు. ఎదుటి లాయరు తీయగా అడుగుతాడు: 'ఈ ఫీచరు విడుదల చేసేముందు మీకు ఏ అనుమానమూ రాలేదా?' ఇక్కడ 'రాలేదు' అనో 'వచ్చింది' అనో అని ఊరుకోకండి. 'వచ్చిందండీ, మా లాయరు గారితో మాట్లాడాం, ఆయన చూసి ఫర్వాలేదన్నాకే రిలీజ్ చేశాం' అనేయండి. మీ పక్కనున్న లాయరు 'అబ్జెక్షన్' అనేలోపు రిపోర్టరు వేళ్లు ఆగిపోయి ఉంటాయి. ఆ జవాబును చెరిపించాలా, దాని వెనక తలుపు తెరుచుకుందా అన్నదాని మీద ఇరుపక్షాలూ పేజీలకు పేజీలు రాసుకుంటాయి. ఆ ప్రివిలేజి మీది కాదు, కంపెనీది. దాన్ని ఉంచుకోవాలా వదులుకోవాలా తేల్చేది యాజమాన్యమని 1985లోనే సుప్రీంకోర్టు వైన్‌ట్రాబ్ కేసులో చెప్పింది. అయినా పరాయి సొమ్ముతో దానం చేయడంలో ఉన్న సుఖం వేరు.

ముందురోజు రాత్రి లాయరు పంపిన మెమోలన్నీ తిరగేసి వెళ్లండి. 'ఇవాళ్టి సాక్ష్యానికి ఏమేం చదివారు?' అని అడిగితే గర్వంగా జాబితా చెప్పండి. జ్ఞాపకం తెచ్చుకోవడానికి చదివిన కాగితాన్ని, న్యాయానికి అవసరమనిపిస్తే ఎదుటివాడికి ఇప్పించవచ్చని ఫెడరల్ సాక్ష్య నియమాల్లో 612వది అంటుంది. కష్టపడి చదివినందుకు అదే బహుమతి.

8. కాగితాలు వడకట్టే పని యంత్రానికి వదిలేసి, జడ్జిని ఏమీ అడక్కండి

ఇప్పటి దావాలో ఎదుటివాడికి ఇవ్వాల్సిన మెయిళ్లు లక్షల్లో ఉంటాయి. కొన్ని పదాలు ఇచ్చి వెతికించి, దొరికినవి పక్కన పెట్టి, మిగతావి పంపేయండి. ఆ పదాలు సరిగా పట్టాయో లేదో పది కాగితాలు కూడా తీసి చూడకండి. విక్టర్ స్టాన్లీ అనే పార్కు బెంచీల కంపెనీ, కాపీరైట్, పేటెంట్ ఉల్లంఘనలంటూ క్రియేటివ్ పైప్ మీద వేసిన దావాలో అదే జరిగింది. క్రియేటివ్ పైప్ 165 ప్రివిలేజ్డ్ పత్రాలను పొరపాటున ఇచ్చేసింది. వెతికే పదాలు ఎవరు ఎంచారో, వారికి ఆ పనిలో ఏం నైపుణ్యం ఉందో, ఫలితాన్ని ఎలా సరిచూశారో చూపించలేకపోయింది. 2008 మేలో మేరీలాండ్ ఫెడరల్ కోర్టులో జడ్జి పాల్ గ్రిమ్ ప్రివిలేజి పోయిందన్నారు. మొదట్లో పొరపాటున ఇచ్చినవి వెనక్కి తీసుకునేలా ఒప్పందం చేసుకుందామని అడిగింది కూడా క్రియేటివ్ పైపే. కోర్టు గడువు పెంచగానే, చేతితో చూసుకుంటామని చెప్పి ఆ ఒప్పందాన్ని వదిలేసింది.

అదే ఏడాది సెప్టెంబరులో సాక్ష్య నియమాల్లోకి 502వది చేరింది. పొరపాటున ఇచ్చినా, ముందు తగిన జాగ్రత్త తీసుకుని, తెలియగానే వెంటపడితే ప్రివిలేజి పోదంటుంది. కావాలని ఇచ్చినప్పుడు కూడా, న్యాయంగా కలిపి చూడాల్సినవి మాత్రమే వెంట వెళతాయంటుంది. దానిలోని (డి) భాగం మీకు ఎవరూ చెప్పకుండా ఉంటే బాగుండేది. ఈ దావా కోసం ఇచ్చిన కాగితాల వల్ల ప్రివిలేజి పోదని జడ్జి ఒక ఆర్డరు ఇవ్వవచ్చు. అది ఈ కేసులోనే కాదు, అమెరికాలో ఇంకే ఫెడరల్, రాష్ట్ర కోర్టులోనైనా చెల్లుతుంది. రెండు పక్షాలు తమలో తాము రాసుకున్న ఒప్పందం బయటివాడిని కట్టదు, జడ్జి ఆర్డరు కడుతుంది. ఎదుటివాడు ఒప్పుకోకపోయినా ఇవ్వవచ్చు. జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్న గొడవే రాకుండా ఆర్డరులో రాయించుకోవచ్చు. మొదటి చిట్కా పాటించి కావాలనే ఒపీనియన్‌ను జ్యూరీ ముందు పెట్టినవారిని అది కాపాడదు గానీ, చేయి జారినవాటికి ఇంతకంటే చౌకైన బీమా లేదు. అర్జీ రెండు మూడు పేజీలకు మించదు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఈ ఆర్డరు అడిగితే చాలాసార్లు పెట్టేస్తారు. అదే దీంతో వచ్చిన చిక్కు. మొదటి హియరింగులో మీ లాయరు ఆ అర్జీ సంచిలోంచి తీయబోతే చేయి పట్టుకుని ఆపండి.